వేడిచేసే పొగాకు వచ్చాక జపాన్‌లో గుండెపోట్లు తగ్గాయా?

ప్రశ్న: మా తమ్ముడికి 36 ఏళ్లు. జపాన్‌లోని నగోయాలో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరుగా పనిచేస్తున్నాడు. కాలేజీ రోజుల నుంచి పదిహేనేళ్లపాటు రోజుకు పదిహేను సిగరెట్ల దాకా తాగాడు. రెండేళ్ల క్రితం, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరానికి మారాడు. ఇప్పుడు ఆ పొగాకు స్టిక్‌లు రోజుకు పదిహేను వాడుతున్నాడు. శుక్రవారం సాయంత్రం సహోద్యోగులతో కూర్చున్నప్పుడు మాత్రం రెండు మూడు మామూలు సిగరెట్లు కూడా తాగుతానని తనే చెప్పాడు. మా నాన్నగారికి 54వ ఏట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అందుకే నాకు భయం. మానెయ్యమంటే "అక్కా, ఇది వచ్చాక జపాన్‌లో గుండెపోట్లే తగ్గిపోయాయి, లెక్కలున్నాయి" అంటూ వాట్సాప్‌లో ఒక గ్రాఫ్ పంపాడు. సిగరెట్ అమ్మకాలు, గుండెపోటు కేసులు రెండూ కిందికి దిగుతున్న గీతలు అందులో ఉన్నాయి. అది నిజమేనా? సంక్రాంతికి ఇంటికి వచ్చేటప్పుడు ఆ పరికరాన్ని వెంట తెచ్చుకోవచ్చా? — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ పరికరాల వల్ల జపాన్ జనాభా మొత్తంలో గుండెజబ్బు తగ్గిందా అన్నది ఒకటి. రోజూ పదిహేను స్టిక్‌లు, వారానికి రెండు మూడు సిగరెట్లు పీల్చే మీ తమ్ముడి గుండెకు అది క్షేమమా అన్నది మరొకటి. ఒక మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న, ఒక సమాజంలో ఆ జబ్బు ఎందుకు అంత ఎక్కువగానో తక్కువగానో ఉందన్న ప్రశ్న వేర్వేరని, ఒకదానికి దొరికిన జవాబు రెండోదానికి సరిపోదని బ్రిటన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు జెఫ్రీ రోజ్ 1985లోనే వివరంగా రాశారు. మీ తమ్ముడు మొదటి ప్రశ్నకు తనకు నచ్చిన జవాబును తీసుకొని రెండోదానికి వాడుకుంటున్నారు. కాబట్టి రెండింటినీ విడివిడిగా చూద్దాం.

ముందుగా, ఆయన చెప్పినదాంట్లో నిజమెంతో ఒప్పుకోవాలి. ఆయన ఉంటున్న నగోయా నగరంలోనే ఫిలిప్ మోరిస్ అనే పొగాకు సంస్థ 2014 నవంబరులో ఐకాస్ అనే ఈ తరహా పరికరాన్ని మొదట అమ్మకానికి పెట్టింది. 2016లో అది జపాన్ అంతటా వ్యాపించింది. అదే కాలంలో మరో రెండు పెద్ద కంపెనీలు కూడా తమ పరికరాలు తెచ్చాయి. నికొటిన్ ద్రవంతో పనిచేసే ఈ-సిగరెట్లను జపాన్ ఔషధ చట్టం కింద కట్టడి చేయడంతో, కొత్తదనం కోరిన పొగతాగేవారికి వేడిచేసే పొగాకే దారిగా మిగిలింది. జపాన్‌లో జరిగిన ఒక పెద్ద ఇంటర్నెట్ సర్వే ప్రకారం 2015లో వీటిని వాడేవారు వెయ్యిమందిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే. 2019 నాటికి ఆ సంఖ్య నూటికి 11 దాటింది. దేశంలో 2015లో 18 వేల కోట్లకు పైగా అమ్ముడైన సిగరెట్లు 2020 నాటికి 10 వేల కోట్లలోపుకు వచ్చాయి. పన్నుల పెంపు లాంటి కారణాలు కూడా ఉన్నప్పటికీ, ఈ పతనంలో పరికరాల పాత్ర గట్టిగానే రుజువైంది. ఐకాస్ వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు నెలల్లో విడుదలైంది. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో, విడుదలైన తర్వాతే సిగరెట్ అమ్మకాలు పడ్డాయని పరిశోధకులు చూపగలిగారు. అంటే ఆ గ్రాఫ్‌లో మొదటి గీత నమ్మదగినదే.

చిక్కంతా రెండో గీతతోనే. జపాన్‌లో గుండె రక్తనాళాలు పూడుకుపోయి చనిపోయేవారి రేటు, వయసు తేడాలను సరిచేసి లెక్కిస్తే, ఈ పరికరాలు పుట్టడానికి కొన్ని దశాబ్దాల ముందు నుంచే తగ్గుతూ వస్తోంది. 1966లో జపాన్ పురుషుల్లో నూటికి 83 మందికి పైగా పొగతాగేవారు. 2019 నాటి జాతీయ ఆరోగ్య సర్వేలో అది 27కు చేరింది. ఉప్పు తగ్గించడం, బీపీని అదుపులో పెట్టడం, కొలెస్టరాల్ మందులు, గుండెపోటు వచ్చిన గంటల్లోనే రక్తనాళాన్ని తెరిచే చికిత్సలు అన్నీ ఈ మధ్యకాలంలోనే అందుబాటులోకి వచ్చాయి. పోనీ వయసును సరిచేయకుండా మరణాల సంఖ్య మాత్రమే చూద్దామంటే, గుండెజబ్బులతో ఏటా 2 లక్షలకు పైగా చనిపోతున్నారు, జనాభా ముసలిదవుతున్నకొద్దీ ఆ సంఖ్య పెరుగుతోంది. గ్రాఫ్ గీసినవారు ఏ సంఖ్యను ఎంచుకున్నారో దాన్నిబట్టి గీత పైకీ పోతుంది, కిందికీ వస్తుంది. పైగా 2018, 2020, 2021 అక్టోబరు నెలల్లో పొగాకు పన్ను పెరిగింది, 2020 ఏప్రిల్ నుంచి మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని కట్టడి చేసే చట్టం పూర్తిగా అమలైంది, ఆ సంవత్సరమే కోవిడ్ భయంతో జనం ఆస్పత్రులకు రావడం తగ్గించారు. ఇన్ని మార్పులు ఒక్కచోట పడ్డప్పుడు, రెండు గీతలు కలిసి దిగాయి కనుక ఒకటి రెండోదానికి కారణమనడం చెల్లదు.

ఇలాంటి వాదనను సరిగ్గా ఎలా రుజువు చేయాలో చెప్పే మంచి ఉదాహరణ స్కాట్లండ్‌లో ఉంది. అక్కడ 2006 మార్చిలో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించారు. తొమ్మిది ఆస్పత్రుల్లో చట్టానికి ముందు పది నెలలు, తర్వాత పది నెలలు, గుండెపోటు, దానికి దగ్గరి ఛాతీనొప్పితో చేరినవారిని ఒక్కొక్కరినీ లెక్కించారు. చేరికలు 17 శాతం తగ్గాయి. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. అప్పటికి అలాంటి చట్టం లేని ఇంగ్లండ్‌ను పక్కన పెట్టుకొని చూస్తే, అదే కాలంలో అక్కడ తగ్గింది 4 శాతమే. రోగుల రక్తపరీక్షల్లో పొగ ఆనవాళ్లను కూడా కొలిచారు. తగ్గిన కేసుల్లో మూడింట రెండు వంతులు అసలు పొగతాగనివారివేనని, అంటే పక్కవారి పొగ బెడద తప్పడం వల్లనే ఆ మేలు జరిగిందని తేలింది. పోల్చడానికి మరో ప్రాంతం, ఒక్కో రోగి పొగ అలవాటు వివరం, చట్టం వచ్చిన కచ్చితమైన తేదీ ఈ మూడూ ఉన్నాయి కనుకే ఆ లెక్కను ప్రపంచం నమ్మింది. మీ తమ్ముడు పంపిన గ్రాఫ్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆస్పత్రిలో చేరిన మనిషి సిగరెట్ తాగాడా, స్టిక్ పీల్చాడా, ఏదీ ముట్టలేదా అన్నది ఆ గీతలో కనిపించదు.

ఇప్పుడు ఒక్కొక్కరి అలవాటునూ నమోదు చేసి, ఆ తర్వాత వారి గుండెకు ఏమైందో చూసిన అధ్యయనానికి వద్దాం. ఈ విషయంలో నేను ఎక్కువ బరువు ఇచ్చేది దక్షిణ కొరియా లెక్కకే. అక్కడ జాతీయ బీమా కింద పెద్దలందరికీ రెండేళ్లకోసారి ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి. 2014-15లోనూ, తిరిగి 2018లోనూ పరీక్ష చేయించుకున్న 51 లక్షలకు పైగా పురుషుల వివరాలతో చేసిన అధ్యయనం 2021లో ప్రచురితమైంది. రెండుసార్లూ సిగరెట్లు మాత్రమే తాగుతున్నవారికి గుండె, రక్తనాళాల జబ్బు వచ్చే ప్రమాదాన్ని 100 అనుకుంటే, సిగరెట్లతోపాటు వేడిచేసే పొగాకో ఈ-సిగరెట్టో కూడా వాడినవారి ప్రమాదం 83. ఐదేళ్లలోపు సిగరెట్ మానేసి కొత్త పరికరాలకు మారినవారిది 81. అదే ఐదేళ్లలోపు సిగరెట్ మానేసి, ఏ పరికరమూ పట్టనివారిది 66. మానేసి ఐదేళ్లు దాటి, ఏదీ ముట్టనివారిది 39.

ఈ నాలుగు అంకెలను మీ తమ్ముడి ముందు పెట్టండి. శుక్రవారం సిగరెట్లు కూడా ఉన్నాయి కనుక ఆయన రెండూ వాడేవారి వర్గంలోకి వస్తారు. 100 నుంచి 83కి దిగడం చూసి ఆయన సంతోషించవచ్చు, అందులో తప్పు లేదు. సిగరెట్టే తాగుతూ ఉండటం కంటే అది మెరుగే. కానీ సిగరెట్ మాని ఏదీ పట్టకుండా ఉంటే 66కు, అలాగే నిలబడితే 39కి చేరగలిగేవాడు 83 దగ్గర ఆగిపోతున్నాడన్న సంగతి కూడా అదే అధ్యయనం చెబుతోంది. ఇంకొక అంశం నన్ను మరింత ఆలోచింపజేసింది. సిగరెట్ మానేసి ఐదేళ్లు దాటినవారు ఈ పరికరాలను పట్టుకుంటే, పట్టనివారితో పోలిస్తే వారి ప్రమాదం 70 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ అధ్యయనానికీ పరిమితులున్నాయి. పురుషులే ఉన్నారు, వేడిచేసే పొగాకును ఈ-సిగరెట్లతో కలిపి లెక్కించారు, గమనించిన కాలం తక్కువ. అయినా దిశ విషయంలో అనుమానం లేదు.

ప్రమాదం ఎందుకు బాగా తగ్గదో మీరు అడగలేదు గానీ, ఆయన తప్పకుండా అడుగుతారు. సిగరెట్ కొస దాదాపు 600 నుంచి 900 డిగ్రీల వేడిమి దగ్గర మండుతుంది. ఈ పరికరం ఆ పొగాకు స్టిక్‌ను సుమారు 350 డిగ్రీల వరకే వేడిచేస్తుంది. ఒక స్టిక్ ఆరు నిమిషాలు, లేదా 14 దమ్ముల దాకా వస్తుంది. మంట లేదు కనుక కార్బన్ మోనాక్సైడు, కేన్సర్ కలిగించే చాలా రసాయనాలు బాగా తగ్గుతాయి. కేన్సర్ విషయంలో మోతాదు తగ్గితే ప్రమాదమూ కొంత ఆ మేరకు తగ్గుతుందని ఆశించవచ్చు. గుండె స్వభావం అది కాదు. నికొటిన్ స్టిక్‌లోనూ దండిగానే వస్తుంది. అది ఒంట్లోకి చేరగానే అడ్రినలిన్ పెరిగి గుండె వేగమూ, రక్తపోటూ పెరుగుతాయి. సన్నని కణాలు, ఆక్రొలీన్ వంటి రసాయనాలు రక్తనాళం లోపలి పొరను దెబ్బతీసి, అవసరానికి తగ్గట్టు విప్పారే గుణాన్ని తగ్గిస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఎలుకలపై 2018లో చేసిన ప్రయోగంలో, ఐకాస్ ఆవిరి పీల్చిన ఎలుకల రక్తనాళాలు సిగరెట్ పొగ పీల్చిన ఎలుకలవాటితో సమానంగా ఆ గుణాన్ని కోల్పోయాయి. ఎలుకల ప్రయోగమే అయినా, నాళం లోపలి పొర కొద్దిపాటి పొగకే ఎంతగా స్పందిస్తుందో అది చూపిస్తోంది.

మనుషుల్లో దీనికి మరింత గట్టి ఆధారం ఉంది. 141 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణ ప్రకారం, రోజుకు ఒక్క సిగరెట్ తాగే పురుషుడికి గుండెజబ్బు విషయంలో వచ్చే అదనపు ప్రమాదం, రోజుకు 20 తాగేవాడికి వచ్చే అదనపు ప్రమాదంలో దాదాపు సగం ఉంటుంది. ఇరవైలో ఒక వంతు తాగితే ప్రమాదం కూడా ఇరవైలో ఒక వంతే ఉంటుందని మనం అనుకుంటాం, గుండె విషయంలో ఆ లెక్క కుదరదు. మీ తమ్ముడి శుక్రవారపు సిగరెట్లు రోజుకు ఒకటి కూడా కావు, నిజమే. కానీ అవి ఆగిపోలేదన్నదే అసలు విషయం. రెండూ వాడేవారికి కొరియా లెక్కలో ప్రమాదం 100 నుంచి 83కే తగ్గింది.

దేశం మొత్తానికి మేలా కీడా అన్నది కూడా ఈ రెండూ వాడేవారి సంఖ్య మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. సిగరెట్‌ను పూర్తిగా వదిలి మారినవారు ఎందరు, రెండూ చేతపట్టినవారు ఎందరు, పూర్తిగా మానేయాలనుకుంటూ ఇది దొరకగానే ఆ ఆలోచన విరమించుకున్నవారు ఎందరు, ఎప్పుడో మానేసి మళ్లీ మొదలుపెట్టినవారు, అసలు పొగాకే ముట్టని యువకుల్లో కొత్తగా పట్టుకున్నవారు ఎందరు అన్నవన్నీ కూడి, తీసివేస్తే గాని జనాభా మీద ప్రభావం తేలదు. మొదటి వర్గం ఎంత పెద్దదైనా, మిగతా వర్గాలు పెరిగితే ఆ లాభం హరించుకుపోతుంది. గుండెజబ్బు ముదరడానికి ఏళ్లు పడుతుంది కనుక, 2016లో దేశమంతా వ్యాపించిన వస్తువు తాలూకు పూర్తి ఫలితం ఇంత త్వరగా కనిపించదు కూడా. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2022లో చేసిన సమీక్ష ఇదే సంగతి చెప్పింది. సిగరెట్‌తో పోలిస్తే విషరసాయనాల మోతాదు తక్కువ, ఏదీ వాడనివారితో పోలిస్తే ఎక్కువ. జబ్బులు తగ్గాయా లేదా అని చెప్పగల ప్రయోగాలు లేవు. ఉన్న ప్రయోగాలన్నిటికీ డబ్బు పెట్టింది పొగాకు కంపెనీలే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జులైలో ఐకాస్‌కు ఇచ్చిన అనుమతి కూడా అంతవరకే. పూర్తిగా మారితే హానికర రసాయనాల మోతాదు తగ్గుతుందని ప్రకటించుకోవడానికి ఒప్పుకుంది, జబ్బు ముప్పు తగ్గుతుందని చెప్పుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ తేడాను కొనేవారికి ఎవరూ విడమరిచి చెప్పరు.

జపాన్ లెక్కను మనవారికి వర్తింపజేయడంలో మరొక ఇబ్బంది ఉంది. సంపన్న దేశాల్లోకెల్లా గుండె రక్తనాళాల జబ్బుతో మరణాలు అతి తక్కువగా ఉన్న దేశాల్లో జపాన్ ఒకటి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతా దేశాలవారికి దాదాపు 59 ఏళ్లకు. నగోయాలో ఉన్నంత మాత్రాన మీ తమ్ముడికి జపానువారి రక్తనాళాలు రావు. మీ నాన్నగారికి 54 ఏళ్లకే గుండెపోటు రావడం ఆయన విషయంలో ఇంకా ముఖ్యం. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు గుండెపోటు వస్తే దాన్ని ప్రత్యేకమైన ముప్పుగా వైద్యులు పరిగణిస్తారు. దేశపు సగటు ఎలా ఉన్నా ఆయన సగటు మనిషి కారు.

ఇక చేయవలసినది. ఆయనతో వాదించేటప్పుడు 'ఇది సిగరెట్ లాంటిదే' అనకండి. అది పూర్తిగా నిజం కాదు, ఆయన వెంటనే కొట్టిపారేస్తారు. సిగరెట్ నుంచి మారడం ఒక అడుగు అని ఒప్పుకొని, రెండో అడుగు ఎప్పుడని అడగండి. జపాన్‌లో పొగ మాన్పించే క్లినిక్‌లకు 2006 నుంచి ఆరోగ్య బీమా వర్తిస్తోంది. 2020 నుంచి వేడిచేసే పొగాకు వాడేవారికి కూడా దాన్ని వర్తింపజేశారు. పన్నెండు వారాల్లో ఐదుసార్లు వైద్యుణ్ని కలవాలి, ఖర్చులో మామూలుగా 30 శాతం ఆయన పెట్టుకుంటే సరిపోతుంది. 35 ఏళ్లు దాటినవారికి ఒక నిబంధన ఉంది. రోజుకు తాగే సంఖ్యను తాగిన సంవత్సరాలతో గుణిస్తే 200 లేదా అంతకు మించి రావాలి. ఆయన పదిహేనేళ్ల సిగరెట్లే 225 అవుతాయి కనుక ఆయనకు అర్హత ఉంది. నికొటిన్ మీద ఎంత ఆధారపడ్డారో తెలుసుకునే చిన్న ప్రశ్నావళి ఉంటుంది, వెంటనే మానేయడానికి సిద్ధమని సంతకం చేయాలి. పదిహేడేళ్లుగా పట్టిన నికొటిన్‌ను మనోబలంతోనే వదలాలనేమీ లేదు, వైద్యుడి పర్యవేక్షణలో నికొటిన్ ప్యాచ్‌లు వాడితే గెలిచే అవకాశం పెరుగుతుంది. శుక్రవారం సిగరెట్లను మాత్రం ఆ క్లినిక్ తేదీ వరకు వాయిదా వేయవద్దని చెప్పండి, వాటిని ఈ వారమే ఆపాలి.

పరికరాన్ని ఇండియాకు తేవద్దు. 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ఈ-సిగరెట్లతోపాటు, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలను కూడా పేరుపెట్టి చేర్చింది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. తొలిసారికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. విమానాశ్రయంలో కస్టమ్స్‌వారి చేతికి చిక్కే పని ఆయన పెట్టుకోకూడదు. అది వెంట లేదని ఇక్కడ సిగరెట్ కొనుక్కునే ప్రమాదమూ ఉంది, అది ముందే ఆలోచించుకొని తగినన్ని నికొటిన్ ప్యాచ్‌లు వైద్యుణ్ని అడిగి తెచ్చుకోమనండి. ఇంట్లో ఉన్న రోజుల్లో సాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు, డబ్బు చెల్లించనక్కరలేదు.

సంక్రాంతికి ఆయన వచ్చినప్పుడు బీపీ, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించండి. కుటుంబంలో తొందరగా గుండెపోటు వచ్చిన చరిత్ర ఉంది కనుక రక్తంలో లైపోప్రొటీన్ (ఎ) అనే కొవ్వు కణాల స్థాయిని చూసే పరీక్షను ఒక్కసారైనా చేయించడం మంచిది, ఆ స్థాయి వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి మీరూ చేయించుకోండి. నాన్నగారి ఆస్పత్రి కాగితాలు వెంట తీసుకెళ్తే వైద్యుడికి పని సులువవుతుంది. రోజుకు పదిహేను స్టిక్‌లు, శుక్రవారం సిగరెట్లు అన్న వివరాన్ని వైద్యుడికి దాచకుండా చెప్పాలి. సిగరెట్ మానేశారా అని అడిగితే 'మానేశాను' అని, పరికరం సంగతి చెప్పకుండా వదిలేసేవారు చాలామంది ఉంటారు. అలా వదిలేస్తే వైద్యుడు ఆయన ముప్పును తక్కువగా అంచనా వేసి, కొలెస్టరాల్ మందు అవసరమయ్యే చోట కూడా 'ఇప్పుడే వద్దులే' అనే అవకాశం ఉంది.